ఖరీదైన సీడీ ప్లేయర్ ఎన్నేళ్లు వస్తుంది? (నెల్లూరు, ఒంగోలు వైపు వాళ్ళు చెప్పండి)

పినాకిని_శ్రోత (నెల్లూరు)
శనివారం రాత్రి 9:10

అందరికీ నమస్కారం. 1990ల చివర్లో ఒక యూరప్ కంపెనీ సీడీ ప్లేయర్ కొన్నాను. ఆ రోజుల్లో అది నా జీతానికి చాలా పెద్ద వస్తువు. కంపెనీ పేరు ఇక్కడ రాయను. ఇన్నేళ్లూ బాగానే పాడింది. పోయిన ఎండాకాలం నుంచి పేచీ మొదలైంది. పాట మధ్యలో ఆగుతుంది, కాసేపటికి తనే పాడుతుంది, ఒక్కోసారి డిస్కు లేదని చూపిస్తుంది. సర్వీసు వాళ్ళకు ఫోన్ చేస్తే స్పేర్ పార్టులు ఆపేశాం, కొత్తది తీసుకోండి అన్నారు.

మా ఇంట్లో ఒక బీరువా నిండా సీడీలున్నాయి. ఎక్కువ భాగం బాలు గారి పాటలు, త్యాగరాజ కీర్తనలు, పౌరాణిక నాటక పద్యాలు. కొత్తది రెండు లక్షలు, మూడు లక్షలు అంటున్నారు. డబ్బు సర్దుకోగలను. కానీ అంత పెట్టి కొన్నది పదిహేనేళ్లు నిలబడుతుందా? ఖరీదు ఎక్కువైతే మన్నిక కూడా ఎక్కువ ఉంటుందా? మీ అనుభవాలు చెప్పండి.

కొత్తపట్నం_గాలి (ఒంగోలు)
శనివారం రాత్రి 9:48

తప్పకుండా ఉంటుంది సార్. మా ఇంట్లో మరాంజ్ సీడీ-94 ఉంది. 1980ల నాటిది. బాబాయి విదేశం నుంచి తెచ్చాడు. లోపల ఫిలిప్స్ సీడీఎం-1 మెకానిజం, అంటే డిస్కును తిప్పి చదివే భాగం. లోహంతో పోత పోసిన చట్రం, గాజు లెన్స్. ఇప్పటికీ డిస్కు పెట్టగానే చదువుతుంది. ఆ మధ్య కొన్న చవక డీవీడీ ప్లేయర్లన్నీ పాత సామాన్ల వాడికి పోయాయి, ఇది మాత్రం అలాగే ఉంది. బరువున్న వస్తువు నిలబడుతుంది. కొనండి.

రిపేరు_మేస్త్రి (కావలి)
శనివారం రాత్రి 11:05

ఇద్దరికీ నమస్తే. ఆంప్లిఫయర్లు, టేప్ రికార్డర్లు, సీడీ ప్లేయర్లు బాగుచేయడమే నా బతుకు. కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

కొత్తపట్నం అన్న చెప్పింది ఆయన ప్లేయర్ విషయంలో నిజం. అయితే దాన్ని నిలబెట్టింది ధర కాదు, సీడీఎం-1. అందులో పికప్, అంటే లేజర్‌తో డిస్కు చదివే కన్ను, ఒక చేతిలాగా కీలు మీద ఊగుతూ డిస్కు అంతా తిరుగుతుంది. అరిగే పళ్ళచక్రాలు లేవు. ఆ తర్వాతి కాలంలో ఫిలిప్సే సీడీఎం-12 రకం తెచ్చింది. ఇది ప్లాస్టిక్, పికప్ పళ్ళచక్రాల మీద నడుస్తుంది. మామూలు ప్లేయర్లోనూ ఇదే కుటుంబం, లక్షలు పోసి కొన్న ప్లేయర్లోనూ ఇదే కుటుంబం. సోనీ కేఎస్ఎస్-213, సాన్యో ఎస్ఎఫ్-పీ101ఎన్ పికప్‌ల సంగతీ అంతే. పెద్ద పేరున్న పెట్టె మూత తీస్తే లోపల అవే కనిపిస్తాయి.

కంపెనీలను తప్పుపట్టలేం. లేజర్ పికప్ తయారు చేయాలంటే పెద్ద ఫ్యాక్టరీ కావాలి. ఏడాదికి కొన్ని వందల ప్లేయర్లు అమ్మే కంపెనీకి అది సాధ్యం కాదు. సోనీ, ఫిలిప్స్, సాన్యో దగ్గర కొని చుట్టూ మంచి పవర్ సప్లై, మంచి డాక్ (డిస్కులోని అంకెలను శబ్దంగా మార్చే భాగం), మంచి బాడీ కట్టేవారు. మీరు పెట్టిన డబ్బు ఆ చుట్టూ ఉన్నదాని కోసం. శబ్దం అక్కడే బాగుపడుతుంది. ఆయుష్షు మాత్రం ఆ పికప్‌ది.

కాబట్టి ఏ కంపెనీ అని కాదు, లోపల ఏ పికప్ ఉంది, అది ఇంకా దొరుకుతుందా అని అడగాలి. దొరికే పికప్ ఉన్న పాతిక వేల ప్లేయర్, దొరకని పికప్ ఉన్న అయిదు లక్షల ప్లేయర్ కంటే ఎక్కువ కాలం పాడుతుంది.

పినాకిని గారూ, మీ దాంట్లో మూత తీసి పికప్ మీద నంబరు చూసి చెప్పండి. ప్లగ్ తీసేశాకే మూత తీయండి. ప్లేయర్ నడుస్తుండగా లెన్స్‌లోకి తొంగి చూడకండి. ఆ లేజర్ 780 నానోమీటర్లది, కంటికి దాదాపు కనిపించదు, కానీ రెటీనాకు ప్రమాదం.

దర్శి_కుర్రోడు (చెన్నై, సొంతూరు దర్శి)
ఆదివారం ఉదయం 7:30

అన్నా, అసలు ఇంత టెన్షన్ ఎందుకు? ఒక్కో సీడీని కంప్యూటర్లో ఫ్లాక్‌గా (నాణ్యత తగ్గని ఫైలుగా) మార్చి హార్డ్ డిస్క్‌లో పెట్టండి. ఒక్కో డిస్కుకు 300 నుంచి 400 ఎంబీ పడుతుంది. తిరిగే భాగమే లేకుండా మంచి డాక్ పెట్టుకుంటే అదే శబ్దం. ఖరీదైన ఆడియో వస్తువులు చేసే లిన్ అంత పెద్ద కంపెనీయే 2009లో సీడీ ప్లేయర్లు చేయడం ఆపేస్తున్నామని చెప్పేసింది.

గెలాక్సీ_రాయి (చీమకుర్తి)
ఆదివారం ఉదయం 8:15

మా ఊళ్ళో అయితే పికప్ కంటే ముందు దుమ్ము చంపేస్తుంది. క్వారీలు, పాలిష్ ఫ్యాక్టరీలు, రోజంతా లారీలు. సన్నటి రాతిపొడి ఎంత మూసినా ఇంట్లోకి వస్తుంది. ప్లేయర్ ట్రే తెరిచిన ప్రతిసారీ కొంచెం లోపలికి పోతుంది. లెన్స్ మీద ఒక పొర, పికప్ జారే పట్టాల మీద గ్రీజుతో కలిసి సానపట్టే పేస్టులాంటి ముద్ద. మా పెద్దాయన వాడిన ప్లేయర్లో ఆ పట్టా కడ్డీ గీతలు పడి అరిగిపోయింది.

ఇప్పుడు మేం చేసేది ఇదీ. ప్లేయర్ ఎప్పుడూ గుడ్డ కవరులో. పాడేటప్పుడు తీస్తాం, ఆపి చల్లారాక కప్పుతాం. ట్రే ఊరికే తెరిచి ఉంచం. కింద గెలాక్సీ గ్రానైట్ పలక వేశాం. మా ఊళ్ళో అది వృథా ముక్కల్లోనే దొరుకుతుంది. లారీ వెళ్ళినప్పుడు బల్ల అదురు ప్లేయర్‌కు తగ్గింది.

పినాకిని_శ్రోత (నెల్లూరు)
ఆదివారం మధ్యాహ్నం 12:40

దర్శి తమ్ముడూ, నువ్వు చెప్పింది అబ్బాయి కూడా చెప్పాడు. కొన్ని డిస్కులు అలా చేశాం కూడా. కానీ నేను పాట వినేది డిస్కు తీసి, లోపలి కాగితం మీద ఎవరు రాశారు, ఎవరు వయొలిన్ వాయించారు చదువుకుంటూ, ఒక వరసలో చివరిదాకా. ఫోన్‌లో వెతికి పెట్టుకుంటే పది నిమిషాల్లో ఇంకేదో పాటకు పోతాను. నాకు ఈ పద్ధతే కావాలి.

మేస్త్రి గారూ, చూశాను. కేఎస్ఎస్-213 అని ఉంది. ఇంత పెద్ద పెట్టెలో అరచేతిలో పట్టే ఆ ప్లాస్టిక్ ముక్క చూసి చాలాసేపు కుర్చీలోంచి లేవలేదు.

రిపేరు_మేస్త్రి (కావలి)
ఆదివారం మధ్యాహ్నం 1:20

బాధపడకండి సార్, అది మీ అదృష్టం. 213 ఇప్పటికీ దొరుకుతుంది. పికప్, డిస్కు తిప్పే మోటారు, గేర్లు అన్నీ కలిపి ఒకే డెక్‌గా కూడా వస్తుంది. నిజంగా ఇబ్బంది పడేది ఫిలిప్స్ సీడీ-ప్రో2 ఉన్నవాళ్ళు. అది చాలా మంచి మెకానిజం, పేరున్న హై-ఎండ్ కంపెనీలు చాలా వాడాయి, కానీ తయారీ ఆగిపోయింది.

ఇప్పుడు మీ రోగం సంగతి. కింద అడిగినవి చూసి చెప్పండి. ఆన్ చేసిన వెంటనే బాగా పాడి గంట తర్వాత ఆగుతుందా, లేక మొదటి నుంచే ఇబ్బందా? మొదటి పాట దగ్గర ఆగుతుందా, చివరి పాటల దగ్గరా? కంపెనీ డిస్కు చదివి, ఇంట్లో రాసిన సీడీ-ఆర్ చదవడం లేదా? డిస్కు తిరిగేటప్పుడు గరగర వస్తుందా?

ఎందుకంటే సీడీ లోపలి అంచు నుంచి బయటికి చదువుతుంది. లోపల నిమిషానికి 500 చుట్ల దాకా తిరుగుతుంది, బయటికి వచ్చేసరికి 200కు తగ్గుతుంది. మోటారు బలహీనపడితే మొదట్లోనే తిప్పలు పడుతుంది, డిస్కు చదవడానికే ఆలస్యం చేస్తుంది. పట్టా, గేరు పాడైతే ఒకే చోట తప్పుతుంది. లేజర్ బలం తగ్గితే మొదట సీడీ-ఆర్‌లు మానేస్తుంది, ఎందుకంటే వాటి నుంచి వెనక్కి వచ్చే వెలుగు కంపెనీ డిస్కుల కంటే తక్కువ. వేడెక్కాకే ఆగితే నేను పికప్ జోలికి పోయే ముందు పవర్ సప్లై చూస్తాను.

గూడూరు_నిమ్మ (గూడూరు)
ఆదివారం సాయంత్రం 6:05

మేస్త్రి గారు చెప్పిన చివరి మాట దగ్గర నేను కొంచెం లెక్క చెప్తాను. నేను ఎలక్ట్రానిక్స్ పాఠం చెప్పేవాణ్ణి.

పవర్ సప్లైలో కరెంటును నిలవ చేసే ఎలక్ట్రోలిటిక్ కండెన్సర్లలో ద్రవం ఉంటుంది, అది వేడికి నెమ్మదిగా ఎండిపోతుంది. తయారీదార్లు దాని మీద 85 డిగ్రీలు లేదా 105 డిగ్రీలు అని వేస్తారు, ఆ వేడి దగ్గర ఎన్ని గంటలు వస్తుందో డేటాషీట్లో రాస్తారు. వేడి 10 డిగ్రీలు తగ్గితే ఆయుష్షు రెట్టింపు అని లెక్క. 85 డిగ్రీల దగ్గర 2000 గంటల రకం తీసుకోండి. లోపల 65 డిగ్రీలుంటే 8000 గంటలు. రోజుకు రెండు గంటలు వింటే ఏడాదికి 730 గంటలు, అంటే పదకొండేళ్లు. అదే 105 డిగ్రీల రకమైతే అదే చోట 32,000 గంటలు.

ఇప్పుడు మన ఊళ్ళ సంగతి చూడండి. రోహిణి కార్తెలో గదిలోనే 40 డిగ్రీలు. పెట్టె లోపల రెగ్యులేటర్ (వోల్టేజిని నిలకడగా ఉంచే భాగం) పక్కన ఇంకో 20, 25 డిగ్రీలు ఎక్కువ. పైగా చాలామంది ప్లేయర్‌ను రిమోట్‌తో ఆపి వదిలేస్తారు, గోడ దగ్గర స్విచ్ తీయరు. ఏడాదికి 8760 గంటలు. స్టాండ్‌బైలో కూడా పవర్ సప్లైలో కొంత భాగం వేడిగానే ఉంటే ఆ కండెన్సర్ మీరు పాట వినని రాత్రంతా ఎండుతూనే ఉంటుంది. చల్లటి దేశం వాళ్ళు ఎప్పుడూ ఆన్‌లోనే ఉంచండి అని రాసింది చదివి ఇక్కడ అలా చేయకూడదు.

అందుకే హై-ఎండ్ వస్తువులో డబ్బు వృథా అని మాత్రం అనను. మంచి కంపెనీ 105 డిగ్రీల కండెన్సర్లు వేస్తుంది, వేడి పుట్టేదానికి దూరంగా పెడుతుంది, గాలి ఆడే సందు వదులుతుంది. మూత తీసి చూస్తే అర్థమైపోతుంది.

కొత్తపట్నం_గాలి (ఒంగోలు)
ఆదివారం రాత్రి 8:30

గూడూరు సార్, చాలా బాగా చెప్పారు. మా కొత్తపట్నం దగ్గర ఉప్పుగాలి గురించి కూడా ఎవరైనా చెప్పండి. టీవీ వెనక పిన్నులు పచ్చగా తుప్పు పడతాయి. ప్లేయర్‌కు ఏమవుతుంది?

రిపేరు_మేస్త్రి (కావలి)
ఆదివారం రాత్రి 10:15

అవుతుంది అన్నా. మైపాడు, తుమ్మలపెంట, కొత్తపట్నం వైపు నుంచి వచ్చే వాటిలో నేను మొదట చూసేది కనెక్టర్లు. పికప్‌కు వెళ్ళే పలచటి రిబ్బన్ తీగ చివర నల్లబడుతుంది. దాన్ని బయటికి తీసి కొంచెం తుడిచి మళ్ళీ పెడితేనే సగం కేసులు సరవుతాయి. వెనక ఆంప్లిఫయర్ తీగ పెట్టే ఆర్‌సీఏ సాకెట్లలో ఒక చానల్ పోవడం, మ్యూటింగ్ రిలే (శబ్దాన్ని ఆపి వదిలే స్విచ్) కాంటాక్టులు మసకబారడం కూడా ఇదే. ఒక స్పీకరు నెమ్మదిగా తగ్గి మళ్ళీ పెరుగుతుంటే డాక్ పోయిందని ఎవరైనా అంటే నమ్మకండి, ముందు రిలే మార్పించండి. డాక్ ఐసీ చావడం చాలా అరుదు.

ఇంకో రెండు విషయాలు మన వైపు ఇళ్ళల్లో ఎక్కువ. ఒకటి పొగ. సాంబ్రాణి, అగరొత్తులు, దోమల చక్రం. జిడ్డు పొరలా లెన్స్ మీద పేరుకుంటుంది. దేవుడి గది పక్కన ప్లేయర్ పెట్టకండి. రెండోది ఏసీ. ఏసీ గదిలో చల్లబడ్డ ప్లేయర్, ఏసీ ఆపి కిటికీ తీయగానే సముద్రపు తేమగాలి తగిలి లెన్స్ మీద మంచు పడుతుంది. డిస్కు లేదు అని చూపిస్తుంది. ఒక గంట ఆగితే ఆవిరైపోతుంది. దీన్ని లెన్స్ పోయిందనుకుని పికప్ మార్పించిన వాళ్ళున్నారు.

చీమలు, బల్లులు సంగతి చెప్పనే అక్కర్లేదు. వెచ్చగా ఉంటుందని దూరతాయి. పవర్ సప్లై బోర్డు మీద బల్లి అడ్డంగా పడి ఫ్యూజు ఎగిరినవి చూశాను. వెనక సందులకు సన్నటి నైలాన్ జాలీ చాలు.

సోమశిల_నీళ్ళు (ఆత్మకూరు)
సోమవారం ఉదయం 6:50

లెన్స్ క్లీనింగ్ డిస్కు అని బుల్లి బ్రష్ అతికించిన సీడీ దొరుకుతుంది కదా, అది వేస్తే చాలదా?

రిపేరు_మేస్త్రి (కావలి)
సోమవారం ఉదయం 9:00

నేను వద్దంటాను. లెన్స్ సన్నటి తీగల మీద వేలాడుతుంటుంది, ఫోకస్ కోసం పైకీ కిందికీ ఆడుతుంది. బ్రష్ ఆ వేగంతో కొడితే లెన్స్ పక్కకు వాలుతుంది. రాతిపొడి ఉన్న ఇంట్లో అయితే గీతలు కూడా పడతాయి. మూత తీసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచి పిండిన ఇయర్ బడ్‌తో మెల్లగా, నొక్కకుండా తుడవడమే పద్ధతి. మెడికల్ షాపు స్పిరిట్‌లో నీళ్ళు, ఇంకేవో కలిసి ఉంటాయి, మరక మిగులుతుంది. నోటితో ఊదకండి, తడి పడుతుంది.

ఇంకోటి, పికప్ పక్కన చిన్న స్క్రూ లాంటి ప్రీసెట్ ఉంటుంది. కొంతమంది మెకానిక్‌లు దాన్ని తిప్పి లేజర్ కరెంటు పెంచుతారు. ప్లేయర్ వెంటనే పాడుతుంది, మీరు సంతోషంగా ఇంటికి తీసుకెళ్తారు, కొన్ని నెలల్లో లేజర్ పూర్తిగా చచ్చిపోతుంది. మిగిలిన ఆయుష్షును తొందరగా కాల్చేయడం అది. సోనీ పాత పికప్‌లు, 210, 240 లాంటి వాటి మీద స్టిక్కర్ ఉంటుంది, కొత్తగా ఉన్నప్పుడు ఎంత కరెంటు తీసుకుందో దాని మీద చివరి మూడంకెలు చెప్తాయి. 475 అంటే 47.5 మిల్లీ ఆంపియర్లు. కొలిస్తే దాని కంటే 10 శాతం దాటి లాగుతుంటే ముసలిదైందని అర్థం. కొలవకుండా తిప్పేవాడికి ప్లేయర్ ఇవ్వకండి.

గూడూరు_నిమ్మ (గూడూరు)
సోమవారం మధ్యాహ్నం 2:10

ఇంత ఇబ్బంది పడుతున్నా మనకు తెలియకపోవడానికి కారణం ఎర్రర్ కరెక్షన్. డిస్కు మీద ట్రాక్‌కూ ట్రాక్‌కూ మధ్య దూరం 1.6 మైక్రాన్లు, మనిషి వెంట్రుక మందంలో కొన్ని డజన్ల ట్రాక్‌లు పడతాయి. అయినా ట్రాక్ పొడవునా 2.5 మిల్లీమీటర్ల మేర సమాచారం పూర్తిగా పోయినా, ప్లేయర్ దాన్ని ఒక్క బిట్ తేడా లేకుండా తిరిగి నిర్మిస్తుంది. కాబట్టి లేజర్ మసకబారుతున్నా, మోటారు కొంచెం ఊగుతున్నా చాలాకాలం పాట శుభ్రంగానే వినిపిస్తుంది. మీకు మొదటి తడబాటు వినిపించే నాటికి లోపల జబ్బు ముదిరి ఉంటుంది. నిన్నటిదాకా బాగా పాడింది అని అందరూ చెప్పేది అందుకే.

కందుకూరు_బాలు_అభిమాని (కందుకూరు)
సోమవారం రాత్రి 9:20

పికప్ దొరుకుతుంది అంటున్నారు కదా, యాడ దొరుకుతుందో కూడా చెప్తా. పినాకిని ఎక్స్‌ప్రెస్ ఎక్కి చెన్నైలో దిగితే ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్ దగ్గరే. 213 అడిగితే కొన్ని వందలకే ఇస్తారు. కానీ అన్నీ ఒకటి కాదు. ఎక్కువ చైనా నకళ్ళు. ఒకటి ఏళ్ళ తరబడి పాడుతుంది, ఇంకోటి పెట్టిన రోజే సీడీ-ఆర్ చదవదు. మార్చుకోవడానికి ఒప్పుకునే షాపులోనే కొనండి.

కొత్త పికప్ బోర్డు మీద ఒక చోట సోల్డర్ బొట్టు పెట్టి షార్టు చేసి పంపుతారు, స్టాటిక్ కరెంటుకు లేజర్ చావకుండా. తీగ పెట్టాక ఆ బొట్టు కరిగించి తీయాలి. తీయకపోతే లేజర్ వెలగదు. కొత్తది కూడా చెడిపోయిందేనని తిరిగిచ్చేస్తారు చాలామంది.

దర్శి_కుర్రోడు (చెన్నై, సొంతూరు దర్శి)
సోమవారం రాత్రి 10:00

రిచీ స్ట్రీట్ నాకు దగ్గరే. ఎవరికైనా కావాలంటే తెచ్చి పెడతాను, పండగకు వచ్చేటప్పుడు ఒంగోల్లో ఇస్తాను. పినాకిని అంకుల్, మీకు ఫైల్స్ వద్దంటే వద్దు. కానీ బ్యాకప్ కోసమైనా చేయండి. ప్లేయర్ ఒక్కటే కాదు, డిస్కులు కూడా చచ్చిపోతాయి.

పినాకిని_శ్రోత (నెల్లూరు)
మంగళవారం ఉదయం 7:15

డిస్కులు చచ్చిపోవడం ఏంటి నాయనా? సీడీ శాశ్వతం అనే కదా అప్పట్లో క్యాసెట్లు వదిలి ఇటు వచ్చాం.

గూడూరు_నిమ్మ (గూడూరు)
మంగళవారం ఉదయం 10:30

బాగా తయారైన డిస్కు చాలాకాలం ఉంటుంది. కానీ తయారీలో లోపముంటే కష్టం. అందరికీ తెలిసిన ఉదాహరణ ఇంగ్లాండులోని బ్లాక్‌బర్న్‌లో ఫిలిప్స్, డ్యూపాంట్ కలిసి నడిపిన పీడీఓ ఫ్యాక్టరీ. 1988 నుంచి 1993 మధ్య అక్కడ అచ్చయిన డిస్కుల్లో చాలా వాటికి అంచు నుంచి ఇత్తడి రంగు పాకింది. పైన వేసిన లక్క పూత సరిగా కాపాడలేకపోయింది, లోపలి లోహపు పొర పాడైంది. అలాంటి డిస్కు పెట్టి ప్లేయర్‌ను తిట్టడం అన్యాయం.

మనవాళ్ళు డిస్కు అడుగు భాగం మీద గీత పడకుండా ప్రాణంలా చూసుకుంటారు. అసలు సున్నితమైంది పైన బొమ్మ ఉన్న వైపు. అడుగున 1.2 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ ఉంది, పైన లోహపు పొరకూ బయటికీ మధ్య పలచటి లక్క మాత్రమే. బాల్‌పెన్నుతో దాని మీద పేరు రాయకండి. తడిసిన డిస్కులు మంచి నీళ్ళతో కడిగి, మెత్తటి గుడ్డతో మధ్య నుంచి అంచుకు నిలువుగా తుడవాలి, గుండ్రంగా కాదు. 2021 నవంబరు వరదల్లో బురద పట్టిన సీడీలు మా బంధువుల ఇంట్లో అలాగే బాగుచేశాం, కవర్లు మాత్రం దక్కలేదు.

పినాకిని_శ్రోత (నెల్లూరు)
మంగళవారం రాత్రి 9:00

మేస్త్రి గారు అడిగినవన్నీ చూశాను. పొద్దున చల్లగా ఉన్నప్పుడు ఆన్ చేస్తే ఏ డిస్కయినా వెంటనే చదువుతుంది. సీడీ-ఆర్ కూడా కొంచెం ఆలస్యంగా చదివింది. గరగర లేదు. ముప్పావు గంట పాడాక ఆగడం మొదలు. ఫ్యాను పెట్టి మూత తీసి ఉంచితే ఇంకాసేపు పాడింది.

రిపేరు_మేస్త్రి (కావలి)
మంగళవారం రాత్రి 9:25

అయితే నాకు అనుమానం రెగ్యులేటర్ దగ్గరే. కావలికి తీసుకురండి. సరుకు బండిలో వేయకండి, కారులో ఒడిలో పెట్టుకున్నట్టు తేవాలి. డిస్కు లోపల ఉంచి రవాణా చేయొద్దు. కొన్ని మోడళ్ళకు అడుగున రవాణా స్క్రూలు ఉంటాయి, ఉంటే బిగించండి.

యర్రగొండపాలెం_వోల్టేజి (యర్రగొండపాలెం)
బుధవారం మధ్యాహ్నం 1:00

జపాన్ నుంచి సెకండ్ హ్యాండ్‌లో అక్యూఫేస్, ఎసోటెరిక్, డెనాన్ ప్లేయర్లు వస్తున్నాయి కదా, వాటి సంగతి ఏమిటి? ఇక్కడ కొత్త ధరలో సగానికే అంటున్నారు.

కొత్తపట్నం_గాలి (ఒంగోలు)
బుధవారం మధ్యాహ్నం 3:40

నేను దీని మీద బాగా చూశాను, చెప్తాను. జపాన్‌వి 100 వోల్టులవి. మన 230లో నేరుగా పెడితే ఆ క్షణమే పోతుంది. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. ప్లేయర్ తీసుకునేది కొన్ని పదుల వాట్లే, 100 వీఏ ట్రాన్స్‌ఫార్మర్ సరిపోతుంది. దాని ప్లగ్ ఇంట్లో ఇంకెవరూ తీసి గోడకు పెట్టకుండా చూసుకోవాలి. పల్లెల్లో అయితే ముందు స్టెబిలైజర్ కూడా. సాయంత్రం బోరు మోటార్లన్నీ ఒకేసారి ఆగగానే వోల్టేజి ఎగురుతుంది.

ఎసోటెరిక్ వీఆర్‌డీఎస్ మెకానిజం తనే చేసుకుంటుంది. డిస్కు మొత్తాన్ని ఒక పళ్ళేనికి నొక్కి పట్టి తిప్పుతుంది, ఊగదు. మరాంజ్ ఎస్ఏ-10లో కూడా సొంత మెకానిజమే. ఇవి గొప్పవే. కానీ ఇప్పుడు మేస్త్రి గారి మాట గుర్తు పెట్టుకోవాలి. సొంత మెకానిజం అంటే ఆ కంపెనీ దగ్గర తప్ప ఎక్కడా దొరకదు. కంపెనీ పాత మోడళ్ళకు సర్వీసు చేసినంత కాలమే దాని ఆయుష్షు. అక్యూఫేస్‌కు ఈ విషయంలో మంచి పేరుంది, ఎంతో పాతవి కూడా బాగుచేసి పంపుతుంది. కానీ జపాన్‌కు పంపి తెప్పించే ఖర్చు, కస్టమ్స్ లెక్క వేసుకోండి.

సోనీ సీడీపీ-ఎక్స్ఏ7ఈఎస్ లాంటివి కొనేవాళ్ళు డిస్కు మీద పెట్టే చిన్న పక్ ఉందో లేదో అడగండి. అందులో పికప్ కదలదు, డిస్కు, మోటారు కలిసి కదులుతాయి. పక్ లేకపోతే ప్లేయర్ పాడదు, అది విడిగా దొరకడం కష్టం. రిమోట్ కూడా అంతే.

రిపేరు_మేస్త్రి (కావలి)
బుధవారం రాత్రి 10:40

సెకండ్ హ్యాండ్ చూడ్డానికి వెళ్ళేటప్పుడు 70 నిమిషాలు దాటిన నిండు డిస్కు ఒకటి, మీరు రాసిన సీడీ-ఆర్ ఒకటి తీసుకెళ్ళండి. నిండు డిస్కు చివరి పాట పెట్టండి. అమ్మేవాడు ముందే వేడెక్కించి ఉంచితే ఆపించి చల్లారనిచ్చి మళ్ళీ పెట్టమనండి. మొహమాటపడకుండా గంట కూర్చోండి. ట్రే నాలుగైదుసార్లు తెరిచి మూయండి. సాగిన బెల్టు మొదటిసారి దొరకదు. బెల్టు పోతే భయం లేదు, చవకే. అయితే జిగురులా కరిగిన పాత రబ్బరు పుల్లీకి అంటుకుంటుంది, అది తుడిచాకే కొత్తది వేయాలి.

ఫిలిప్స్ పాత డాక్ చిప్పు టీడీఏ1541ఏ మీద కిరీటం ముద్ర (మేలు రకమని గుర్తు) ఉంది, అందుకే ఇంత ధర అని ఎవరైనా అంటే జాగ్రత్త. తయారీ ఎప్పుడో ఆగిపోయింది, పైన ముద్ర చెరిపి కొత్తగా అచ్చేసిన నకళ్ళు చాలా తిరుగుతున్నాయి.

పినాకిని_శ్రోత (నెల్లూరు)
తర్వాతి సోమవారం రాత్రి 8:45

కావలి వెళ్ళి వచ్చాను. మేస్త్రి గారి అనుమానమే నిజం. రెగ్యులేటర్ పక్కన రెండు కండెన్సర్లు ఉబ్బి ఉన్నాయి, రెగ్యులేటర్ కాలు దగ్గర సోల్డర్ పగిలి ఉంది. అవి మార్చి, 105 డిగ్రీలవి వేసి, పట్టా మీద పాత గ్రీజు తుడిచి కొత్తది పెట్టారు. ఆసిల్లోస్కోపులో పికప్ సిగ్నల్ చూపించారు. కొంచెం తగ్గిందట గానీ ఇంకా పనిచేస్తుందట. మధ్యాహ్నం నుంచి ఆపకుండా పాడుతోంది. మూడు లక్షల ఆలోచన మానుకున్నాను. దర్శి తమ్ముడూ, నాకు రెండు 213 డెక్‌లు తెచ్చిపెట్టు, డబ్బు పంపిస్తాను. డిస్కుల బ్యాకప్ కూడా మొదలుపెడతాను, పద్యాల నుంచి. అవి మళ్ళీ ఎక్కడా దొరకవు.

దర్శి_కుర్రోడు (చెన్నై, సొంతూరు దర్శి)
తర్వాతి సోమవారం రాత్రి 9:05

ఈ శనివారమే వెళ్తాను అంకుల్. పద్యాల ఫైళ్ళు నాకూ ఒక కాపీ ఇవ్వండి, మా తాతకు వినిపిస్తా.

యర్రగొండపాలెం_వోల్టేజి (యర్రగొండపాలెం)
తర్వాతి మంగళవారం ఉదయం 8:20

మరి సూపర్ ఆడియో సీడీ (ఎస్ఏసీడీ) ప్లేయర్లు? అవి కూడా ఇలాగే బాగవుతాయా?

రిపేరు_మేస్త్రి (కావలి)
తర్వాతి మంగళవారం ఉదయం 11:30

అవి కష్టమన్నా. మామూలు సీడీకి 780, ఎస్ఏసీడీకి 650 నానోమీటర్లు, రెండు లేజర్లు ఒకే పికప్‌లో. ఎస్ఏసీడీ లేజర్ చచ్చి సీడీ మాత్రమే పాడేవి నా దగ్గరికి వచ్చాయి, కొన్నిటికి పికప్ దొరికింది, కొన్నిటికి దొరకలేదు. మీ దగ్గర ఎస్ఏసీడీ డిస్కులు నిజంగా ఉంటేనే కొనండి. లేకపోతే సీడీ ఒక్కటే పాడే ప్లేయర్, దొరికే పికప్ ఉన్నది తీసుకోండి. పినాకిని గారూ, దర్శి అబ్బాయి తెచ్చే డెక్‌ల స్టాటిక్ కవరు విప్పకండి, సిలికా జెల్ పొట్లంతో డబ్బాలో పెట్టి బీరువాలో ఉంచండి. ఒకటి ముందు నా దగ్గర పెట్టి పరీక్షిద్దాం, బాగోకపోతే షాపు మార్చుకునే గడువులోనే తెలియాలి.